రన్‌వే వాళ్లది, టికెట్టు మనది

ఆదిలాబాద్‌లో ప్రయాణికుల విమానాలకు వాయుసేన ఒప్పుకుందన్న వార్త, వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్ట్‌కు కేంద్రం పచ్చజెండా ఊపిందన్న వార్త 2025లో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి కదా, అప్పట్నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు నేల మీద నిలవడం లేదు. అందుకే పింఛన్లు, భూభారతి, కరెంటు బిల్లుల ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు జరిపి, ఈసారి జాగా మొత్తం విమానాలకే ఇచ్చేస్తున్నా. ఒకే ప్రశ్న చాలామంది అడిగినచోట కలిపేశాను, ఎవరూ అలగొద్దు.

ప్రశ్న: మా ఊరి ఎయిర్‌పోర్ట్ గురించి ఎవరు మాట్లాడినా 'జాయింట్ యూజర్' అంటున్నారు. అంటే సగం మిలిటరీది, సగం మనదా? రేపు ఏదైనా గొడవ వస్తే మన సగం కూడా వాళ్లే తీసుకుంటారా? (పత్తి వ్యాపారి, ఆదిలాబాద్)

సగం సగం లెక్క కాదు సేటు గారూ. జాగ వాళ్లది, రన్‌వే వాళ్లది, టవర్‌లో కూర్చుని 'ఇప్పుడు దిగు, కాసేపు ఆగు' అని చెప్పేవాళ్లు కూడా సాధారణంగా యూనిఫారం వేసుకున్నవాళ్లే. మనకిచ్చేది ఒక పక్కన కొంత స్థలం. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఒక టెర్మినల్ కడుతుంది, విమానాలు ఆగడానికి ఏప్రన్ వేస్తుంది, అక్కడి నుంచి రన్‌వేకి ఒక దారి కలుపుతుంది, బయట కార్లకు, ఆటోలకు చోటు చూస్తుంది. దీన్నే సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. ఇండిగో వచ్చినా ఇంకెవరు వచ్చినా అక్కడ అద్దెకున్నట్టే లెక్క. వాకిలి వాడుకోవచ్చు, కానీ ఇంటాయన ఇంట్లో పెండ్లి ఉన్నరోజు బండి బయట పెట్టుకోవాల్సిందే.

ఇదేదో వెనకబడ్డ ఊళ్లకు చేసే సర్దుబాటు అనుకోకండి. పుణె అలాగే నడుస్తోంది. శ్రీనగర్, చండీగఢ్, జోధ్‌పుర్, లేహ్, బాగ్‌డోగ్రా, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పుర్, దర్భంగా అన్నీ వాయుసేన రన్‌వేలే. గోవాలోని దబోలిం నౌకాదళానిది, మన తెలుగువాళ్లు దశాబ్దాలుగా ఎక్కి దిగిన విశాఖపట్నం రన్‌వే కూడా నౌకాదళానిదే, దాని అసలు పేరు ఐఎన్‌ఎస్ డేగ. జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్‌లో కూడా వాయుసేన శిక్షణ కేంద్రం పక్కనే 2020 ఫిబ్రవరిలో టెర్మినల్ తెరిచారు.

ఇలా ఎందుకు చేస్తారంటే, కొత్తగా ఎయిర్‌పోర్ట్ కట్టాలంటే అన్నిటికన్నా కష్టం భూమి. వందల ఎకరాలు ఒకేచోట, చదునుగా, గుట్టలు అడ్డం లేకుండా కావాలి, దానికి రైతుల్ని ఒప్పించాలి, కోర్టులు దాటాలి. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉన్న భూమి రక్షణ శాఖ చేతిలో ఉంది కాబట్టి సున్నా నుంచి మొదలుపెట్టే బాధ తప్పుతుంది. అయితే ఉన్న రన్‌వే మీద రేపే విమానం దిగుతుందనుకుంటే పొరపాటు. 2025 ఏప్రిల్‌లో వాయుసేన ఒప్పుకున్నప్పుడే రన్‌వేను మళ్లీ కొత్తగా వేయాలని, టెర్మినల్, ఏప్రన్ కట్టాలని చెప్పింది.

ఇక యుద్ధం సంగతి. అవును, తీసుకుంటారు. 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవ ముదిరినప్పుడు ఉత్తరాన, పడమటన 32 ఎయిర్‌పోర్టుల్లో ప్రయాణికుల విమానాలు ఆపేశారు, 15వ తేదీ దాకా అని చెప్పి 12నే తెరిచారు. వాటిలో చాలా వాయుసేనవే, మొత్తం సివిల్‌వి కూడా కొన్ని ఉన్నాయి. ఆదిలాబాద్ సరిహద్దుకు అంత దూరంలో ఉంది కాబట్టి మీరు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. రోజువారీ ఇబ్బంది వేరే ఉంది, దాని గురించి మంచిర్యాల అమ్మకు ఇచ్చిన జవాబులో రాశాను చూడండి.

ప్రశ్న: అన్నా, మామునూరు కూడా మిలిటరీతో కలిసేనా? మా కాలేజీలో దీని మీద పెద్ద పంచాయితీ నడుస్తోంది. (డిగ్రీ విద్యార్థి, హన్మకొండ)

కాదు తమ్ముడూ. పంచాయితీలో నువ్వు ఏ పక్కన ఉన్నావో తెలియదు గానీ, మామునూరు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, అంటే పూర్తిగా పౌర విమానాశ్రయం. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1930లో కట్టించింది. 1962 చైనా యుద్ధం రోజుల్లో ప్రభుత్వ విమానాలను తెచ్చి ఇక్కడ పెట్టారని వరంగల్ పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తుంటారు, మీ వాళ్లకు మిలిటరీ అన్న అనుమానం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. పైగా పక్కనే పోలీసు బెటాలియన్, పోలీసు శిక్షణ కళాశాల ఉండేసరికి రోడ్డు మీద పోయేవాళ్లకు అదంతా ఖాకీ జాగాలాగే కనిపిస్తుంది.

1981 తర్వాత అక్కడ విమానాలు నడవలేదు. ఇన్నేళ్లు ఎందుకు పడుకుందంటే కారణాలు ఒకటి రెండు కావు కానీ, ఈమధ్య కాలంలో అందరి నోళ్లలో నలిగింది ఆ 150 కిలోమీటర్ల షరతు. శంషాబాద్ కట్టేటప్పుడు ఆ కంపెనీతో కేంద్రం 2004లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, అది తెరిచిన రోజు నుంచి 25 ఏళ్ల దాకా, అంటే 2033 దాకా, గాలి దారిన 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్ట్‌ను తేవాలంటే చిక్కే. వరంగల్ సరిగ్గా ఆ గీత లోపల పడింది. చివరికి శంషాబాద్ వాళ్లే అభ్యంతరం లేదని రాసిచ్చాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో 696 ఎకరాలున్నాయి, ఇంకో 253 ఎకరాలు సేకరించడానికి రాష్ట్రం 2024 నవంబర్‌లో 205 కోట్లు మంజూరు చేసింది.

ఆదిలాబాద్ ఆ గీతకు ఎంతో బయట ఉంది, కాబట్టి దానికి ఈ బాధ లేదు. దాని చావీ రక్షణ శాఖ దగ్గర ఉండె, దీని చావీ శంషాబాద్‌లో ఉండె, అంతే తేడా. మీ పంచాయితీలో ఇంకో పాయింట్ కావాలంటే ఇది కూడా చెప్పు: మామునూరుకు కష్టం ముందే ఉంటుంది, భూమి, పరిహారం, గాడిపల్లి, నక్కలపల్లి రైతుల గోస అన్నీ ఇప్పుడే పడాలి, ఒకసారి తెరిచాక పొద్దున ఐదింటికి విమానం పెట్టుకున్నా రాత్రి పన్నెండింటికి పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆదిలాబాద్‌కు అది తలకిందులు, మొదలుపెట్టడం తేలిక, నడిపేటప్పుడు రోజూ అడగాలి. నన్నడిగితే రైతులకు న్యాయంగా ఇవ్వాల్సింది ఇచ్చి సొంతంగా కట్టుకున్నదే మేలు. కానీ ఆదిలాబాద్ వాళ్లను ఇంకో ముప్పై ఏళ్లు ఆగమనే మొహం నాకు లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తుంది. వచ్చిపోయేటప్పుడు విమానం చాలాసార్లు లేటు. 'రన్‌వే ఖాళీ లేదు, డిఫెన్స్ వాళ్లు ఎగురుతున్నారు' అని పైలట్ మైకులో చెప్తాడట. నిజమేనా, లేక వాళ్ల ఆలస్యానికి సాకులా? (గృహిణి, మంచిర్యాల)

రెండూ ఉంటాయమ్మా. ఎయిర్‌లైన్స్ సాకులు చెప్పవని నేను ఒట్టు వేయను. కానీ పుణె విషయంలో ఆ మాట చాలావరకు నిజం.

పుణె లోహెగావ్ అంటే సుఖోయ్ యుద్ధ విమానాలు ఉండే స్థావరం. ఆ పైలట్లు రోజూ ఎగరాలి, ఎగరకపోతే చేతి అలవాటు పోతుంది. వాళ్లు ఎగిరే గంటల్లో ప్రయాణికుల విమానాలకు దొరికే వేళలు తగ్గుతాయి, ఆ వేళల్నే స్లాట్లు అంటారు. స్లాట్లు తక్కువ, విమానాలు ఎక్కువ అయ్యేసరికి ఏ ఒక్కటి పావుగంట లేటైనా దాని వెనకవన్నీ గొలుసులా జరుగుతాయి. సుఖోయ్ లాంటివి దిగేటప్పుడు వేగం తగ్గడానికి వెనక నుంచి చిన్న పారాచూట్ విప్పుతాయి. అది రన్‌వే మీదో పక్కనో పడితే దాన్ని తీసి, రన్‌వే శుభ్రంగా ఉందని చూసుకున్నాకే వెనకవాళ్లను దిగనిస్తారు. గాల్లో ఉన్న ఫైటర్‌కు ఇంధనం తక్కువైందంటే ముందు దాన్ని దింపుతారు, మీ అమ్మాయి ఎక్కిన విమానం అప్పటిదాకా పైన చుట్లు కొడుతుంది. ఇవన్నీ కలిసి పైలట్ నోట్లో 'డిఫెన్స్ ఆపరేషన్స్' అనే ఒక్క ముక్కగా వస్తాయి.

గోవా దబోలింలో అయితే ఏళ్ల తరబడి వారానికి ఐదు రోజులు, ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నౌకాదళం శిక్షణకే రన్‌వే. పొద్దున టిఫిన్ తిని బయల్దేరి మధ్యాహ్నానికి బీచ్‌లో ఉందామనుకునే టూరిస్టులకు అది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. మోపాలో ఇంకో ఎయిర్‌పోర్ట్ 2023 జనవరిలో మొదలయ్యాక గానీ వాళ్లకు ఊపిరి ఆడలేదు. విశాఖవాళ్లు భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్ట్ కోసం అంత పట్టుబట్టడానికి కూడా నౌకాదళం పెట్టే వేళలు ఒక ముఖ్య కారణం.

ఇంకోటి, రన్‌వే మరమ్మతు. సొంత ఎయిర్‌పోర్ట్ అయితే ప్రయాణికుల సౌకర్యం చూసి ముక్కలు ముక్కలుగా చేయించుకుంటారు. ఇక్కడ తేదీలు వాయుసేన ఖరారు చేస్తుంది. పుణెలో ముందు రాత్రిపూట మూసి పని చేసి, ఆఖరికి 2021 అక్టోబర్ 16 నుంచి 29 దాకా రెండు వారాలు పూర్తిగా మూసేశారు. మీ అమ్మాయి అప్పటికి అక్కడ ఉంటే గుర్తుండే ఉంటుంది, అందరూ ముంబై పరుగెత్తారు.

డబ్బుల సంగతి అడగలేదు గానీ చెప్తా. రక్షణ అవసరాల వల్ల విమానం రద్దయితే అది ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణం కిందికి వస్తుంది, నష్టపరిహారం అడిగినా రాదు. కానీ టికెట్టు డబ్బు మొత్తం వాపసు, లేదా ఇంకో విమానంలో సీటు, ఈ రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు మీ అమ్మాయిదే. కౌంటర్‌లో వాళ్లు 'క్రెడిట్ షెల్ ఇస్తాం, ఏడాదిలో వాడుకోండి' అంటే తల ఊపొద్దని చెప్పండి. పుణె నుంచి వచ్చి అదేరోజు హైదరాబాద్‌లో ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే, రెండూ ఒకే టికెట్టు మీద బుక్ చేసుకోమనండి. వేర్వేరుగా కొంటే మొదటిది లేటైనప్పుడు రెండోవాడు మనల్ని గుర్తుపట్టడు.

ప్రశ్న: ఎయిర్‌పోర్ట్ దగ్గర వెంచర్ అని ఏజెంట్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. 'ఇప్పుడు కొంటే రెండేళ్లలో మూడింతలు' అంటున్నాడు. ఇప్పటికే బయానా ఇద్దామా అనుకుంటున్నా. (ప్రభుత్వ టీచర్, మావల)

ఆగండి మాస్టారూ. బయానా జేబులోనే ఉంచండి.

మూడింతల సంగతి నాకు తెలియదు, అతనికీ తెలియదు. నేను చెప్పగలిగింది అక్కడ ఏం కట్టొచ్చు, ఏం కట్టకూడదు అన్న సంగతి. ఏ ఎయిర్‌పోర్ట్ చుట్టూ అయినా కట్టడాల ఎత్తుకు పరిమితులుంటాయి, 2015లో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం ఆ పరిధి 20 కిలోమీటర్ల దాకా పోతుంది. ఊరికి ఆ చివర రెండంతస్తుల ఇల్లు కట్టుకునేవాళ్లను ఎవరూ ఏమీ అనరు, కానీ రన్‌వేకి రెండు కొసల్లో, విమానం దిగే ఎగిరే దారి కింద పడ్డ ప్లాట్లకు అది గట్టిగా తగులుతుంది. సెల్ టవర్, ఎత్తైన నీళ్ల ట్యాంకు, అపార్ట్‌మెంట్ దేనికైనా ముందు ఎన్‌ఓసీ కావాలి. మామునూరు లాంటి చోట అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇస్తుంది. వాయుసేన రన్‌వే అయితే వాయుసేనే ఇవ్వాలి.

దీనికి తోడు రక్షణ శాఖ స్థలాల చుట్టూ ఇంకో చట్టం ఉంది, 1903 నాటిది, బ్రిటిష్‌వాళ్లు పెట్టిపోయింది. కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చిందంటే గోడ నుంచి ఇన్ని మీటర్ల దాకా కొత్త కట్టడం వద్దు అని ఆపేయొచ్చు. ఏజెంట్ ఇచ్చే రంగురంగుల బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, ఈ ముక్క ఉండదు. 'ఎయిర్‌పోర్ట్‌కు ఆనుకుని' అన్నది అతను అమ్మకానికి చెప్పే గొప్ప, మీకు అదే మొదటి అనుమానం కావాలి.

మీరు చేయాల్సింది ఏమిటంటే, ఆ సర్వే నంబర్లు అడిగి తీసుకోండి. ఇవ్వనంటే కథ అక్కడితో ముగిసినట్టే. ఇస్తే కలెక్టరేట్‌లో, భూసేకరణ చూసే ఆర్డీవో ఆఫీసులో ఆ నంబర్లు ప్రతిపాదిత విస్తరణలో ఉన్నాయేమో రాతపూర్వకంగా అడగండి, కుదరకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. డీటీసీపీ లేఅవుట్ అనుమతి, నాలా మార్పిడి, ఈసీ ఎలాగూ చూస్తారు. వీటన్నిటి తర్వాత కూడా కొనాలనిపిస్తే, రన్‌వే గీసిన దిక్కుకు పక్కగా ఉన్నది చూసుకోండి, కొసన ఉన్నది కాదు. చప్పుడు కూడా తేడా ఉంటుంది మరి. ఏటీఆర్ లాంటి చిన్న ప్రయాణికుల విమానం చప్పుడుకు అలవాటు పడొచ్చు, ఫైటర్ జెట్ చప్పుడుకు బర్రెలు కూడా అలవాటు పడవు.

మీ మున్సిపాలిటీవాళ్లకు ఒక మాట చేరవేయండి. ఎయిర్‌పోర్ట్‌కు 10 కిలోమీటర్ల లోపు బహిరంగంగా చెత్త పోయడం, పశువుల్ని కోయడం విమాన నిబంధనల ప్రకారం నిషేధం, ఎందుకంటే గద్దలు, కాకులు చేరి ఇంజన్లకు తగులుతాయి. డంపింగ్ యార్డు ఎక్కడ పెట్టాలో ఇప్పుడే ఆలోచించుకుంటే తర్వాత తరలించే ఖర్చు మిగులుతుంది.

ప్రశ్న: పోయిన ఏడాది జోధ్‌పుర్ పోయినప్పుడు విమానం కిటికీలోంచి వీడియో తీస్తుంటే ఎయిర్‌హోస్టెస్ వచ్చి డిలీట్ చేయించింది. నా టికెట్టు, నా ఫోన్, నా కిటికీ. ఏ హక్కుతో? (ఫొటోగ్రాఫర్, కరీంనగర్)

టికెట్టు నీది, ఫోన్ నీది. కిటికీలోంచి కనబడేది నీది కాదు. జోధ్‌పుర్ వాయుసేన స్థావరం, అక్కడ నువ్వు తీసిన వీడియోలో ఇసుక దిబ్బలతో పాటు విమానాల షెడ్లు, అవి ఎన్ని ఉన్నాయి, ఎక్కడ నిలబెట్టారు అన్నీ పడతాయి. నువ్వు రీల్ కోసమే తీశావని నాకు తెలుసు, కానీ అది ఇన్‌స్టాలో పెట్టాక ఎవరు చూస్తారో నీకూ తెలియదు. రక్షణ శాఖ ఎయిర్‌ఫీల్డుల్లో ఫొటోలు, వీడియోలు నిషేధం. 2025 మేలో పౌర విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇంకో అడుగు ముందుకేసి, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు వైపు ఇలాంటి చోట్ల విమానం ఎగిరాక 10,000 అడుగులు దాటేదాకా, దిగేటప్పుడు 10,000 అడుగుల కిందికి వచ్చాక, కిటికీ తెరలు దించి ఉంచమంది, ఎమర్జెన్సీ తలుపు ఉన్న వరుస తప్ప. ఇలాంటి ఆదేశాలు పరిస్థితిని బట్టి మారుతుంటాయి, అందుకే ఆరోజు సిబ్బంది ఏం చెప్తే అదే. ఆ అమ్మాయి డిలీట్ చేయించి వదిలేసిందంటే నీకు మేలే చేసింది, కిందికి దిగాక వాయుసేన పోలీసులు అడిగితే కథ ఇంకా పొడుగయ్యేది.

టెర్మినల్ లోపల బోర్డు లేనిచోట ఇంటివాళ్లతో సెల్ఫీ తీసుకుంటే ఎవరూ ఏమనరు. ఆదిలాబాద్‌లో మొదటి విమానం వచ్చిన రోజు ఎంతమంది ఫోన్లు పట్టుకుని రన్‌వే గోడ ఎక్కుతారో ఊహించుకోగలను, వాళ్లందరికీ ఈ జవాబు ముందే పంపిస్తున్నా.

ప్రశ్న: ఆదిలాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగా విమానం వస్తుందా? మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లోనే. (జగిత్యాల జిల్లా)

ఇప్పట్లో రాదు. విదేశాలకు పోవాలంటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ కావాలి, పెద్ద విమానానికి పొడుగు రన్‌వే కావాలి, అన్నిటికన్నా ముందు రోజూ సీట్లు నిండుతాయని ఏదో ఒక ఎయిర్‌లైన్ నమ్మాలి. మిలిటరీతో పంచుకున్నంత మాత్రాన విదేశాలకు కుదరదని ఏం లేదు, పుణె, గోవా, విశాఖ నుంచి పోయారు. కానీ మీకు జగిత్యాల నుంచి శంషాబాద్ రోడ్డే దిక్కు, ఇంకా చాలా ఏళ్లు.

ప్రశ్న: యుద్ధ విమానం, మామూలు విమానం ఒకే రన్‌వే మీద తిరిగితే ప్రమాదం కాదా? నేను బేగంపేట రోజుల నుంచి విమానం ఎక్కుతున్నా, ఇలాంటిది వినలేదు. (రిటైర్డ్ బ్యాంకు మేనేజర్, వరంగల్)

పెద్దాయనా, మీరు బేగంపేటలోనే పంచుకున్నారు, గమనించలేదంతే. అక్కడ తిరగేసిన పద్ధతి: ఎయిర్‌పోర్ట్ పౌర విమానాలది, దానికి ఆనుకునే వాయుసేన స్టేషన్ ఉండేది, ఇప్పటికీ ఉంది. 2008 మార్చిలో శంషాబాద్‌కు మారేదాకా మీరు ఎక్కిన రన్‌వేనే వాళ్లూ వాడుకున్నారు.

ప్రమాదం సంగతికి వస్తే, రెండు రకాల విమానాలు ఒక దగ్గర ఉండటం కన్నా ఇద్దరు యజమానులు ఉండటం ప్రమాదం. అందుకే ఎక్కడైనా ఆ రన్‌వే మీద మాట చెల్లేది ఒక్కరిదే. ఒకే టవర్, దాని మాటే ఇద్దరూ వినాలి. యుద్ధ విమానాలకు మాత్రమే కావాల్సిన సామాను కొంత ఉంటుంది, ఉదాహరణకు రన్‌వే చివర పైకి లేచే పెద్ద వల. బ్రేకులు ఫెయిలైన ఫైటర్‌ను అది పట్టి ఆపుతుంది. మామూలు విమానం వచ్చేటప్పుడు దాన్ని కిందికి దించి ఉంచుతారు, అది ఎక్కడుందో పైలట్ చేతిలో ఉండే చార్టుల్లో కూడా రాసి ఉంటుంది.

ఆదిలాబాద్ గురించి నన్ను అడిగితే నాకు ఫైటర్ జెట్ల భయం లేదు, పొగమంచు భయం ఉంది. తెలంగాణలో చలి ముందు ఎక్కేది అక్కడే కదా. దర్భంగాలో 2020 నవంబర్‌లో ఇలాగే వాయుసేన రన్‌వే మీద విమానాలు మొదలుపెట్టారు, జనం విరగబడి ఎక్కారు, తీరా చలికాలం వచ్చేసరికి మంచులో దారి చూపించే ఐఎల్‌ఎస్ లేక రోజుల తరబడి విమానాలు రద్దు. టెర్మినల్‌లో గ్రానైట్ ఎంత మెరుస్తుందన్నది తర్వాత, ఐఎల్‌ఎస్ ఎప్పుడు పెడతారన్నది మన నాయకుల్ని ఇప్పుడే అడగాలి. మంచుతో పాటు రన్‌వే లైట్లు కూడా అడగాలి, లేకపోతే పొద్దుగూకాక తలుపు మూసేస్తారు.

ప్రశ్న: మా బసంత్‌నగర్ సంగతి ఎవరూ రాయరేం? (పెద్దపల్లి జిల్లా)

రాస్తున్నా కదా. సిమెంట్ ఫ్యాక్టరీ కోసం వేసిన స్ట్రిప్ అది, 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు అక్కడ దిగేవి. వాయుదూత్‌తో పాటే ఆ ముచ్చటా పోయింది. ఇప్పుడు దానికి బదులు అంతర్గాం పేరు వినబడుతోంది, పేరు వినబడటం వేరు, నేల మీద రోలర్ తిరగడం వేరు.

ప్రశ్న: మా చెల్లి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఎయిర్‌పోర్ట్ వస్తే టవర్‌లో కంట్రోలర్ ఉద్యోగం దొరుకుతుందా? ఏం చదవాలి? (నిర్మల్)

ఇక్కడే ఆ జాయింట్ యూజర్ మాట మీ చెల్లికి పనికొస్తుంది. ఆదిలాబాద్ టవర్ వాయుసేన చేతిలో ఉంటే అక్కడ కంట్రోలర్ కావాలంటే వాయుసేనలో చేరాలి. మామునూరు, శంషాబాద్ లాంటి చోట్ల అయితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగం, దాని పేరు జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్). దానికి ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఆ రెండూ ఏదో ఒక సెమిస్టర్‌లో ఉన్న ఇంజనీరింగ్ గానీ ఉండాలి, జనరల్ కోటాలో వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్‌వాళ్లకు సడలింపు ఉంది. ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత గొంతు పరీక్ష కూడా, మాట స్పష్టంగా ఉందో లేదో చూస్తారు. దేశంలో ఎక్కడైనా వేస్తారు కాబట్టి 'మా ఊరి టవర్‌లోనే' అన్న ఆశ పెట్టుకోవద్దు. వాయుసేన వైపు ఆసక్తి ఉంటే ఆఫీసర్‌గా పోవడానికి డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ రాయొచ్చు.

ఊళ్లోనే దొరికేవి వేరే రకం: ఎయిర్‌లైన్ కౌంటర్, సామాను లోడింగ్, క్యాంటీన్, ట్యాక్సీలు. వీటిలో చాలావరకు కాంట్రాక్టు కిందే ఉంటాయి. ఎవరైనా 'ఎయిర్‌పోర్ట్‌లో పర్మినెంట్ ఉద్యోగం, రెండు లక్షలు కట్టండి' అంటే ఫోన్ పెట్టేసి పోలీసు స్టేషన్‌కు పొండి.

ప్రశ్న: ఇంత హడావుడి చేసి మొదలుపెడతారు, మూడేళ్లకు ఆగిపోతుంది. నాందేడ్‌లో చూశాం, బీదర్‌లో చూశాం. ఆదిలాబాద్ మాత్రం నిలబడుతుందని గ్యారంటీ ఏంటి? (లాయర్, ఆదిలాబాద్)

గ్యారంటీ లేదు లాయర్ గారూ, మీ అనుమానం న్యాయమైందే. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడపాలని కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27నే కడప–హైదరాబాద్–నాందేడ్ కూడా మొదలైంది. అప్పట్లో గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలు, సగం సీట్లకు ఆ ధర, ఎయిర్‌లైన్‌కు పడే లోటును మూడేళ్లు ప్రభుత్వం భరిస్తుందన్నారు. అది నడిపిన ట్రూజెట్ తర్వాత మూతబడింది. బీదర్‌లో కూడా అదే కంపెనీ మొదలుపెట్టింది, అక్కడా విమానాలు ఆగాయి, వేరేవాళ్లు వచ్చారు, మళ్లీ ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి.

బీదర్‌లో దెబ్బకొట్టింది వాయుసేన అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. హైదరాబాద్‌కు రోడ్డు మీద మూడు గంటల్లో పోయేవాడు రోజుకో విమానం కోసం, అదీ వాళ్లకు కుదిరిన వేళకు, ఎందుకు కాచుక్కూర్చుంటాడు? ఆదిలాబాద్ సంగతి వేరు. హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, నాగ్‌పుర్ 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది, గుండె నొప్పి వచ్చినవాళ్లను 44వ నంబరు హైవే మీద అంబులెన్సులో రాత్రంతా తీసుకుపోయే ఊరు అది. అక్కడ విమానం అవసరం నిజంగా ఉంది. కానీ పొద్దున పోయి పని చూసుకుని సాయంత్రం తిరిగి వచ్చేలా వేళలు దొరికితేనే మీలాంటి లాయర్లు హైకోర్టుకు దాని మీద పోతారు. మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్క విమానం పెట్టి జనం ఎక్కడం లేదంటే ఎవరు మాత్రం ఎక్కుతారు?

కాబట్టి మీ బార్ అసోసియేషన్, సేటు గారి పత్తి వ్యాపారుల సంఘం కలిసి అడగాల్సింది టెర్మినల్‌కు ఎవరి పేరు పెట్టాలని కాదు. వాయుసేనతో ఒప్పందం రాసుకునేటప్పుడే పొద్దున ఎనిమిదికి ముందు ఒక స్లాటు, సాయంత్రం ఆరు తర్వాత ఒక స్లాటు కాగితం మీద ఉండాలని ఎంపీకి, కలెక్టర్‌కు రాసివ్వండి. సంతకాలు అయ్యాక అడిగితే దరఖాస్తు, ముందు అడిగితే షరతు. ఆ తేడా నాకన్నా మీకే బాగా తెలుసు.